బాతు పిల్లలు ముందే చెప్పిన సంగతి

ప్రశ్న: మా షెడ్డులో 600 బ్రాయిలర్ పిల్లలున్నాయి, వయసు 16 రోజులు. దాణా నేనే కలుపుకుంటాను. ఈసారి మొక్కజొన్న వానకు తడిసింది. మూడు రోజులు బాగా ఎండబెట్టి, నల్లబడ్డ గింజలు ఏరేసి మర ఆడించాను. అందులో కలిపిన వేరుశనగ చెక్క కొంచెం పాతది. ఇప్పుడు దాణాలో బూజు కనబడదు, ముక్కిన వాసన కూడా లేదు. పదో రోజు నుంచి పిల్లలు మేత తగ్గించాయి, ఒకటి పెద్దది ఒకటి చిన్నదిగా తయారయ్యాయి, కాళ్లు పాలిపోయాయి. రోజుకు ఐదారు చనిపోతున్నాయి. కోసి చూస్తే కార్జం ఉబ్బి పసుపుగా ఉంది, వేలితో నొక్కితే నలిగిపోతోంది. మూడో రోజు చనిపోయిన పిల్లలో కూడా పసుపుగానే ఉంది. ఐదు రోజులు యాంటీబయాటిక్, లివర్ టానిక్ ఇచ్చినా తేడా లేదు. పక్కన పెంచుతున్న పది బాతు పిల్లలకూ ఇదే దాణా వేశాం, అవి వారం కిందటే పోయాయి. ఇంకా తొమ్మిది బస్తాలు మిగిలింది. టాక్సిన్ బైండర్ కలిపి వాడేయవచ్చా?

సమాధానం: ముందు చివరి ప్రశ్నకు జవాబు చెప్పేస్తాను, మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు. ఆ తొమ్మిది బస్తాలు వాడకండి. బైండర్ (విషాన్ని పట్టుకునే పొడి) కలిపి కూడా వాడకండి. ఇది చదివిన పూటే తొట్లలో ఉన్నది ఎత్తేయండి. అడుగున గడ్డకట్టిన పొడి గీకి, కడిగి, పూర్తిగా ఆరాక వేరే సరుకుతో చేసిన స్టార్టర్ దాణా పోయండి. విప్పిన బస్తా ఒక్కటి అయ్యేదాకా కానిద్దాం అనిపిస్తుంది, ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఈ వయసు పిల్ల రోజురోజుకూ మేత పెంచుకుంటూ పోతుంది. ఇవాళ తిన్నదానికంటే రేపు తినేది ఎక్కువ, విషమూ అంతే.

మీ ఉత్తరం చదువుతూ నేను ఆగింది కార్జం దగ్గర కాదు, బాతు పిల్లల దగ్గర. ఏదో గుర్తొచ్చి రాసినట్టు చివర్లో రాశారు గానీ, నా దృష్టిలో అన్నిటికంటే గట్టి సాక్ష్యం అదే. బూజు విషాల్లో కార్జాన్ని అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీసేది అఫ్లాటాక్సిన్, అందులోనూ బి1 అనే రకం. దానికి అందరికంటే ముందు పడిపోయేది బాతు పిల్ల. తర్వాత టర్కీ పిల్ల. కోడిపిల్ల వాటితో పోలిస్తే చాలా గట్టిది. ఒక్క మోతాదుతో చంపాలంటే బాతు పిల్లకు సరిపోయేదానికి పదింతలకు పైగా కోడిపిల్లకు కావాలి. ఒకే దాణా తిన్న రెండు జాతుల్లో బాతులు ముందు, కోళ్లు తర్వాత అన్న వరస చూస్తే, అంటురోగం కంటే దాణా మీదకే నా అనుమానం పోతుంది.

ఈ విషం లోకానికి తెలిసిందే ఇలాంటి చావుల వల్ల. 1960లో ఇంగ్లండులో కొన్ని నెలల వ్యవధిలో లక్షకు పైగా టర్కీ పిల్లలు చనిపోయాయి. కారణం అంతుపట్టక దానికి ‘టర్కీ ఎక్స్ వ్యాధి’ అని పేరు పెట్టారు. బాతు పిల్లలూ పోయాయి. అంటురోగమేమోనని వెతికితే ఏ క్రిమీ దొరకలేదు. చివరికి ఆ జాడ దాణాలో కలిపిన వేరుశనగ చెక్క దగ్గరకు చేరింది, బ్రెజిల్ నుంచి వచ్చిన సరుకది. అందులో పెరిగిన బూజు పేరు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. ఆ పేరులోంచే ‘అ’, ‘ఫ్లా’ తీసుకుని విషానికి అఫ్లాటాక్సిన్ అని పేరు కట్టారు. ఆ రోజుల్లో సరుకులో విషం ఉందో లేదో తేల్చడానికి ఒక్క రోజు వయసు బాతు పిల్లలకు దాన్ని పట్టించి, కార్జంలో పిత్తనాళాలు అతిగా పెరిగాయా అని చూసేవారు. మీకు తెలియకుండా మీ పెరట్లో జరిగింది ఆ పరీక్షే.

ఇప్పుడు ఎండబెట్టడం సంగతి. మీరు చేసింది పొరపాటు అనను, తడిసిన గింజను ఎండబెట్టకపోతే ఇంకా ఘోరంగా ఉండేది. కాకపోతే ఎండ ఆపింది బూజు పెరుగుదలను మాత్రమే. గింజ తడిగా ఉన్న ఆ మొదటి రోజుల్లో బూజు చేసుకున్న విషం గింజలోనే మిగిలింది. అది ఎండకు ఆవిరైపోయే సరుకు కాదు, కడిగితే పోయేదీ కాదు. గుళికల దాణా తయారయ్యే వేడికీ, వంట వేడికీ కూడా దాదాపు చెక్కుచెదరదు. కరిగి విరిగిపోవాలంటే 250 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి కావాలి, ఆ వేడికి దాణా మిగలదు. ఇల్లు ఖాళీ చేసిన వాడు సామాను వదిలేసి పోయినట్టు, బూజు చచ్చినా విషం ఉండిపోతుంది. అందుకే కంటికి బూజు కనబడలేదు, ముక్కుకు వాసన తగల్లేదు అన్న మాటలు ఈ విషయంలో భరోసా ఇవ్వవు. దీనికి తిరగబడిన మాట కూడా నిజమే. ప్రతి బూజూ విషం చెయ్యదు, ఆకుపచ్చగా బూజు పట్టిన గింజలోనూ విషం లేకపోవచ్చు. కన్ను ఈ పనికి పనికిరాదని అంతే దాని అర్థం.

నల్ల గింజలు ఏరేయడం మాత్రం మంచి పనే. విషం అన్ని గింజల్లో సమానంగా ఉండదు. విరిగిన గింజల్లో, పురుగు తొలిచిన వాటిలో, అడుగున చేరే నూకలోనూ పొట్టులోనూ ఎక్కువ పోగుపడుతుంది. జల్లెడ పట్టి ఆ నూక తీసేసి ఉంటే ఇంకొంత తగ్గేది. అయినా పైకి శుభ్రంగా కనిపించే గింజలో కూడా ఎంతో కొంత మిగిలిపోతుంది. మీ విషయంలో మొక్కజొన్న ఒక్కటే దోషి అని కూడా నేననను. పాత వేరుశనగ చెక్క ఈ బూజుకు పుట్టినిల్లు లాంటిది.

కార్జంలో ఏం జరుగుతుందో కాస్త వివరంగా చెప్పాలి. అది తెలిస్తే మీరు చూసిన లక్షణాలన్నీ ఒకే తాడుకు కట్టినవని అర్థమవుతుంది, ఏ మందు ఎందుకు పనిచేయలేదో కూడా.

దాణాతో లోపలికి వెళ్లిన అఫ్లాటాక్సిన్ పేగులోంచి నేరుగా కార్జానికి చేరుతుంది. చిత్రమేమిటంటే, అక్కడికి చేరేదాకా దానికి పెద్దగా కోరలు ఉండవు. పరాయి పదార్థం వచ్చింది, బయటకు పంపేద్దామని కార్జంలోని ఎంజైములు దాన్ని మార్చబోతాయి. ఆ మార్పులో ఎపాక్సైడ్ అనే చురుకైన రూపం పుడుతుంది. అది పుట్టిన చోటే కణంలోని డీఎన్ఏకు, ప్రోటీన్లకు అతుక్కుంటుంది. శత్రువు చేతికి కత్తి ఇచ్చింది కార్జమే అన్నమాట. దాన్ని అదుపు చేయడానికి కణంలో గ్లుటాథయోన్ అనే పదార్థం ఉంటుంది. అది ఎపాక్సైడ్‌ను పట్టుకుని నిర్వీర్యం చేసి బయటకు సాగనంపుతుంది. కత్తి ఇవ్వడం ఎంత వేగంగా జరుగుతోంది, లాక్కోవడం ఎంత వేగంగా జరుగుతోంది అన్న లెక్క మీదే పక్షి బతుకు ఆధారపడుతుంది. టర్కీ పిల్లల కార్జానికి ఆ లాక్కునే పని దాదాపు చేతకాదు, అందుకే 1960లో అంత నష్టం. కోడిపిల్లకు కొంత చేతనవును. కానీ వయసు తక్కువ, ఒంటి బరువుతో పోలిస్తే తినేది ఎక్కువ, కార్జం ఇంకా కుదురుకునే దశలో ఉంటుంది. అదే దాణా పెద్ద కోడికి వేస్తే గుడ్లు తగ్గడంతో సరిపోవచ్చు, పిల్లకు ప్రాణం మీదికి వస్తుంది.

డీఎన్ఏ దెబ్బతిన్న కణం ప్రోటీన్ తయారీ తగ్గించేస్తుంది. ఇక్కడి నుంచి ఒక్కో లక్షణం బయలుదేరుతుంది. కార్జంలో తయారైన కొవ్వు ఒంట్లోకి వెళ్లాలంటే దాన్ని మోసే ప్రోటీన్ కావాలి. మోసేవాడు లేక కొవ్వు కార్జంలోనే పేరుకుంటుంది. మీరు చూసిన ఉబ్బు, పసుపు, వేలికి నలిగిపోయే మెత్తదనం అదే. రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పడిపోతుంది, ఒళ్లు పెరగదు. రక్తం గడ్డకట్టించే పదార్థాలు కూడా కార్జంలోనే తయారవుతాయి కాబట్టి అవీ తగ్గుతాయి. చనిపోయిన పిల్లల తొడ కండరాల్లో, చర్మం కింద కమిలిన మచ్చలు ఉన్నాయేమో ఈసారి చూడండి. బతికున్న వాటిని పట్టుకునేటప్పుడు కూడా చెయ్యి మెత్తగా పడనివ్వండి, చిన్న దెబ్బకే లోపల రక్తం కారుతుంది. విటమిన్ కె ఇవ్వమని ఎవరైనా చెప్పవచ్చు. ఇస్తే నష్టం లేదు గానీ, ముడిసరుకు పోసినంత మాత్రాన మూతపడ్డ మిల్లు నడవదు. కాళ్లు పాలిపోవడం కూడా ఈ కోవలోదే. మొక్కజొన్నలోని పసుపు రంగు పదార్థం పేగులోంచి సరిగా లోపలికి వెళ్లదు, కాళ్లకూ ముక్కుకూ చేరదు.

కొవ్వు పట్టిన కార్జం అలాగే ఉండిపోదు. కొన్ని కణాలు చచ్చిపోతాయి, పిత్తనాళాలు గుంపులుగా పెరుగుతాయి, విషం ఆగకుండా వెళ్తే కొన్ని వారాలకు పీచు కట్టి గట్టిపడి కుంచించుకుపోతుంది. ఆ దశకు వెళ్లింది వెనక్కి రాదు. మీ పిల్లల కార్జం ఇంకా ఉబ్బి మెత్తగానే ఉందంటే, పీచు దాకా వెళ్లినట్టు లేదు. అది కొంత మంచి మాట.

మూడో రోజు చనిపోయిన పిల్లను మాత్రం ఈ లెక్కలోంచి తీసేయండి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల కడుపులో ఇంకా పచ్చసొన ఉంటుంది, అందులోని కొవ్వు మొదటి కొన్ని రోజులు కార్జం మీదుగానే ఖర్చవుతుంది. అందుకే ఆరోగ్యమైన పిల్లలో కూడా ఆ వయసుకు కార్జం పసుపుగానే ఉంటుంది. వారం దాటుతుంటే ముదురు గోధుమ రంగులోకి దిగుతుంది. మొదటి రోజుల్లో పసుపు చూసి హేచరీ మీద విరుచుకుపడ్డ వాళ్లను చాలామందిని చూశాను. పన్నెండో రోజున, పదహారో రోజున పసుపు కనబడితేనే గాభరా పడాలి, మీకు కనబడింది.

అయినా ఉత్తరం ఒక్కటీ చూసి నూటికి నూరు ఇదే అని రాసిచ్చేయను. పాలిపోయి ఉబ్బిన కార్జం అడినోవైరస్ వల్ల వచ్చే ఇన్‌క్లూజన్ బాడీ హెపటైటిస్ అనే కార్జం జబ్బులోనూ ఉంటుంది. అది ఎక్కువగా మూడు వారాలు దాటిన బ్రాయిలర్లలో వస్తుంది, చావులు ఒక్కసారిగా ఎగిసి, మూడు నాలుగు రోజుల్లో శిఖరానికి చేరి దిగిపోతాయి. మీ దగ్గరలా రోజుకు ఐదారు చొప్పున సాగదీయదు. గుండె చుట్టూ ఎండుగడ్డి రంగు నీరు చేరి ఉంటే మాత్రం ఆ వైపు ఆలోచించాలి. పైగా ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం కావు. అఫ్లాటాక్సిన్ తిన్న పిల్లలో రోగాన్ని ఎదుర్కొనే అవయవాలైన బర్సా, థైమస్ కుంచించుకుపోతాయి. రోగనిరోధక శక్తి తగ్గి వైరస్‌కు తలుపు తెరిచినట్టవుతుంది. అందుకని దగ్గర్లోని పశువైద్యుడి చేత అప్పుడే చనిపోయిన రెండు మూడు పిల్లలకు పోస్ట్‌మార్టం చేయించండి. కార్జం నుంచి అర సెంటీమీటరు మందంలో ముక్కలు కోసి, వాటికి పదింతల 10 శాతం ఫార్మలిన్‌లో వేసి పంపిస్తే మైక్రోస్కోపు కింద పిత్తనాళాల సంగతి తేలుతుంది. రాత్రి చచ్చి పొద్దున దాకా షెడ్డులో పడి ఉన్న పిల్లను కోస్తే కుళ్లిన కార్జం ఎవరికీ ఏమీ చెప్పదు.

ఇంకొక తికమక కూడా తీర్చాలి. బూజు వల్ల వచ్చే మరో జబ్బు ఉంది, ఊపిరితిత్తులది. బూజు పట్టిన ఊక నుంచి ఆ రేణువులు పీల్చి పిల్లలు నోరు తెరిచి రొప్పుతాయి, ఊపిరితిత్తుల్లో గసగసాల్లాంటి తెల్లటి పొక్కులు కనబడతాయి. అక్కడ బూజే ఒంట్లో పెరుగుతుంది. మీ పిల్లల్లో పెరుగుతున్నదేమీ లేదు, తిన్న విషం పనిచేస్తోంది. కాబట్టి బూజును చంపే మందులతో ఉపయోగం లేదు, యాంటీబయాటిక్‌తో అంతకన్నా లేదు. ఐదు రోజులు ఇచ్చిన యాంటీబయాటిక్‌ను, వేరే బాక్టీరియా జబ్బు ఉందని వైద్యుడు చెబితే తప్ప, మళ్లీ మొదలుపెట్టకండి. దెబ్బతిన్న కార్జానికి అదొక అదనపు బరువు.

బైండర్ మాటకు వద్దాం. బైండర్లన్నీ ఒకటి కావు. బెంటొనైట్, అల్యూమినోసిలికేట్ లాంటి బంకమట్టి జాతి పొడులు అఫ్లాటాక్సిన్‌ను పేగులోనే పట్టుకుని రెట్టతో బయటకు తీసుకుపోతాయి, ఈ ఒక్క విషం విషయంలో వాటికి మంచి పేరే ఉంది. అఫ్లాటాక్సిన్ అణువు బల్లపరుపుగా ఉంటుంది, మట్టి పొరల మధ్యకు చక్కగా దూరుతుంది. కానీ తడిసిన మొక్కజొన్నలో ఈ విషం ఒక్కటే ఉంటుందని ఎవరు చెప్పగలరు? మూత్రపిండాలను దెబ్బతీసే ఆక్రటాక్సిన్, నోట్లో పుండ్లు పుట్టించే టీ-2 కూడా ఉండవచ్చు, వీటిని మట్టి బైండర్లు సరిగా పట్టుకోలేవు. అఫ్లాటాక్సిన్, ఆక్రటాక్సిన్ రెండూ కలిస్తే నష్టం విడివిడిగా చేసేదానికంటే మించిపోతుంది. పైగా బైండర్ పట్టుకునేది పేగులో ఉన్నదాన్ని, అందులోనూ కొంత భాగాన్నే. కార్జానికి చేరిపోయినదాన్ని వెనక్కి లాగలేదు. కాస్త అనుమానమున్న సరుకుకు బైండర్ ఒక జాగ్రత్త. మీ బస్తాలు అనుమానం దాటిపోయాయి, పిల్లలు చచ్చిపోతున్నాయి. ఇక్కడ దాన్ని వాడితే బైండర్ తప్పు కాని దానికి బైండర్‌ను తిట్టాల్సి వస్తుంది.

ప్రొపియోనిక్ యాసిడ్ లాంటి బూజు నిరోధకాలనూ చాలామంది బైండర్లతో కలిపి ఒకే గాటన కడతారు. అవి బూజు పుట్టకుండా ఆపుతాయి. పుట్టి, విషం చేసేశాక వేస్తే చేసేదేమీ లేదు.

మరి బతికున్న పిల్లలకు ఏం చేయాలి? మంచి దాణాయే అసలు మందు. అందులో ప్రోటీన్ తగ్గనివ్వకండి, వీలైతే మామూలు స్టార్టర్ కంటే కాస్త ఎక్కువే ఉండనివ్వండి. అఫ్లాటాక్సిన్ దెబ్బను ప్రోటీన్ కొంత తట్టుకునేలా చేస్తుంది. మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం నుంచే గ్లుటాథయోన్ తయారీకి ముడిసరుకు వస్తుంది. కోలిన్ కార్జంలోంచి కొవ్వును కదిలించడానికి పనికొస్తుంది. విటమిన్ ఇ, సెలీనియం కూడా ఇస్తారు, కాకపోతే సెలీనియం మోతాదుకూ విషానికీ మధ్య దూరం తక్కువ, చేతి కొలతతో వేయకండి. మీరు ఇచ్చిన లివర్ టానిక్కుల్లో చాలావాటిలో ఉండేవి ఇవీ, ఇలాంటివే. అవి పనిచేయలేదంటే ఒక చేత్తో టానిక్, ఇంకో చేత్తో అదే దాణా ఇస్తున్నారు కదా. దాణా మార్చాక అదే టానిక్ కాస్త అక్కరకు రావచ్చు.

దాణా మార్చిన మర్నాడే చావులు ఆగిపోవు. బాగా దెబ్బతిన్నవి ఇంకొన్ని రోజులు పోతూనే ఉంటాయి, అది చూసి మందులు మార్చుకుంటూ పోకండి. మేత మళ్లీ పెరగడం మొదటి శుభసూచన. పొట్టిగా మిగిలిపోయినవి మాత్రం మిగతావాటిని అందుకోలేవు, వాటిని వేరు చేసి పెంచాలా తీసేయాలా అన్నది మీ లెక్క. ఈ వారాల్లో వేసిన టీకాలు సరిగా పట్టకపోయి ఉండవచ్చు. గంబోరో, కొక్కెర తెగులు (రాణిఖేత్) టీకాలు ఏ తేదీన వేశారో వైద్యుడికి చెప్పి మళ్లీ వేయాలా అని అడగండి. టీకా పనిచేయలేదని టీకాను అనుమానించే ముందు దాణాను అనుమానించాలి. ఈ మాట నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

బస్తాలు పారేసే ముందు పరీక్షకు నమూనా తీయండి. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు, పై బస్తాలోంచి గుప్పెడు తీసి పంపేస్తారు. విషం ముద్దలు ముద్దలుగా ఉంటుందని చెప్పానుగా, ఆ గుప్పెడు శుభ్రంగా ఉండి పక్క గుప్పెడులో ఎంతో ఉండవచ్చు. తొమ్మిది బస్తాల్లోనూ పైనుంచి, నడుమ నుంచి, అడుగు నుంచి తీసి ఒకచోట పోసి బాగా కలపండి. దాన్ని నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు ఉంచుకుని మళ్లీ కలపండి, కిలో రెండు కిలోలు మిగిలేదాకా అలాగే. కాగితపు సంచిలో పంపండి, ప్లాస్టిక్ సంచిలో చెమ్మ పట్టి దారిలోనే కొత్త బూజు పుడుతుంది. మొక్కజొన్న, చెక్క విడిగా మిగిలి ఉంటే వాటినీ విడిగా పంపండి, దోషి ఎవరో తెలుస్తుంది. జవాబు పీపీబీల్లో వస్తుంది. టన్ను దాణాలో ఒక మిల్లీగ్రాము ఉంటే ఒక పీపీబీ. అమెరికాలో ఎదిగే పక్షులకు వాడే మొక్కజొన్నలో 20 పీపీబీ దాటకూడదు, యూరోపియన్ యూనియన్లో పిల్లల దాణాకు పెట్టిన హద్దు 5. ఎంత తక్కువ సరిపోతుందో చూశారుగా.

నల్ల దీపం (అతినీలలోహిత కాంతి దీపం) కింద గింజ మెరిస్తే విషం ఉన్నట్టేనని ఎవరైనా చెబితే పూర్తిగా నమ్మకండి. ఆ మెరుపు బూజు చేసే మరో పదార్థానిది. మెరిసిన సరుకును ల్యాబుకు పంపాలన్న సూచనగా తీసుకోవచ్చు, అంతే.

వచ్చే బ్యాచ్‌కు రెండే మాటలు. గింజలో తేమ 13 శాతం దాటితే కొనకండి, నిల్వ చేయకండి. చెక్కకు అంతకంటే తక్కువ ఉండాలి. పంటితో కొరికి చూసే అలవాటు మానేసి తేమ మీటరు వాడండి. ఇక కలిపిన ప్రతిసారీ అందులోంచి కిలో దాణా తీసి, తేదీ రాసి, పొడిగా చల్లగా దాచిపెట్టండి. జబ్బు బయటపడేసరికి దాన్ని తెచ్చిన దాణా పిల్లల కడుపులోకి వెళ్లిపోయి ఉంటుంది, పరీక్షకు దొరికేది తర్వాత కలిపినది. ఈసారి మీకు బస్తాలు మిగిలి ఉండటం అదృష్టమే.

ఆ బస్తాలను పాడి పశువులకు వేసేద్దామన్న ఆలోచన కూడా పెట్టుకోకండి. ఆవూ గేదే పైకి తట్టుకున్నట్టే ఉంటాయి గానీ అఫ్లాటాక్సిన్ బి1 వాటి ఒంట్లో ఎం1గా మారి పాలలోకి దిగుతుంది, ఆ పాలు పిల్లలు తాగుతారు. చనిపోయిన కోడిపిల్లల కార్జాన్ని కుక్కలకు వేయడమూ తప్పే, కుక్కలకు ఈ విషం చాలా చెడ్డది. బస్తాలు కదిపేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకుని, దుమ్ము లేవకుండా కాసిని నీళ్లు చిలకరించి, బావికీ షెడ్డుకూ దూరంగా లోతుగా పూడ్చేయండి. ఖాళీ గోనె సంచులను దులిపి మళ్లీ వాడకండి, అవీ అదే గోతిలోకి.